గ్యారీ కిల్డాల్: పని అందరి దగ్గరా ఉంది, పేరే ఎవరికీ తెలియదు

విండోస్ కంప్యూటర్ తెరిచి చూస్తే మన ఫైళ్లన్నీ ‘సి’ డ్రైవ్‌లో ఉంటాయి. మరి ‘ఏ’, ‘బి’ ఏమయ్యాయని పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు. ఆ రెండక్షరాలూ ఒకప్పుడు ఫ్లాపీ డ్రైవ్‌లవి. ఫ్లాపీలు పోయాయి, అక్షరాలు ఖాళీగా మిగిలాయి. అలాగే కంప్యూటర్ మొరాయించినప్పుడు రిపేరు కుర్రాడు ఆన్ చేస్తూనే ఒక మీట నొక్కి ‘బయోస్’లోకి వెళ్లడం చాలామందిమి చూసే ఉంటాం. బయోస్ అన్న మాటను పుట్టించినది, చిన్న కంప్యూటర్లలోకి ఈ ఏ, బి, సి డ్రైవ్‌ల పద్ధతిని తెచ్చినది ఒకే మనిషి. ఆయన పేరు గ్యారీ కిల్డాల్. 1994లో, 52 ఏళ్లకే కన్నుమూశారు.

ఆయన పేరు ఎక్కడైనా వినిపిస్తే ఒకే కథతో వినిపిస్తుంది. ఐబీఎం వాళ్లు వెతుక్కుంటూ గుమ్మంలోకి వస్తే ఆయన విమానమెక్కి షికారుకు పోయాడని, బిల్ గేట్స్‌కు దక్కిన సంపదను చేజేతులా వదులుకున్నాడని ఆ కథ. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది కానీ అందులో సగమే నిజం. పైగా ఆ కథ చాటున ఆయన చేసిన అసలు పని మరుగున పడిపోయింది. అందుకే ఇక్కడ మేము ఆ పని గురించే ఎక్కువగా చెప్పదలిచాం.

ఓడ దారి లెక్కలు

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్ రేవు పట్నంలో పుట్టారు. వాళ్లది నావికులకు చదువు చెప్పే ఇల్లు. తాత పెట్టిన నావికా పాఠశాలను తండ్రి నడిపేవారు. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి లెక్క కట్టడం అక్కడ నేర్పేవారు. ఆ లెక్కలు పెద్దవి, విసుగు పుట్టించేవి. వివరాలు ఇచ్చి పిడి తిప్పితే జవాబు చెప్పే యంత్రం ఒకటి ఉంటే ఎంత బాగుండునని తండ్రి అనుకునేవారట. ఆ కోరిక కొడుకు మనసులో ఉండిపోయింది.

యువకుడిగా కిల్డాల్ కూడా ఆ బడిలో పాఠాలు చెప్పారు. లెక్కల మాస్టారు కావాలన్న ఆశతోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కంప్యూటర్ పరిచయమయ్యాక మనసు అటు మళ్లింది. హైస్కూలు నాటి నుంచి తెలిసిన డొరొతీని పెళ్లి చేసుకున్నారు. అవి వియత్నాం యుద్ధం రోజులు. చదువైన యువకులు సైనిక సేవ చేయక తప్పదు. ఆయనకు ఆ సేవ పాఠాలు చెప్పే రూపంలో దొరికింది. కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న నావికాదళ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో కంప్యూటర్ శాస్త్రం బోధించారు. మధ్యలో సియాటెల్ వెళ్లి 1972లో డాక్టరేట్ పూర్తిచేశారు. ప్రోగ్రాములను కంప్యూటరే సరిదిద్ది వేగంగా నడిచేలా చేయడం ఎలా అన్న విషయం మీద 1973లో ఆయన రాసిన పరిశోధన పత్రాన్ని ఇప్పటికీ కంపైలర్ల పాఠాల్లో ఆయన పేరుతోనే చెబుతారు. అంటే వ్యాపారంలో దిగే నాటికే ఆయన పండితుల్లో లెక్కకు వచ్చిన మనిషి.

పాతిక డాలర్ల చిప్

1971 నవంబరులో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిప్‌ను అమ్మకానికి పెట్టింది. జపాన్‌కు చెందిన బిజికామ్ కంపెనీ క్యాలిక్యులేటర్ల కోసం మొదలైన పని అది. 16 కాళ్ల చిన్న బిళ్లలో 2,300 ట్రాన్సిస్టర్లు. ఒక గది నిండే యంత్రం చేసే పనిలో ఎంతో కొంత ఇది అరచేతిలో చేస్తుంది. ధర పాతిక డాలర్లని ప్రకటన చూసి కిల్డాల్ ఒకటి కొన్నారు. తండ్రి కోరిన ఆ పిడి యంత్రం దీంతో చేయవచ్చేమోనని ఆయన ఆలోచన.

కొన్నాక తెలిసొచ్చింది, ఆ చిప్ ఒక్కటే ఉంటే అది ఒంటరి బుర్ర. దానికి చేతులు లేవు, కాళ్లు లేవు, జ్ఞాపకమూ లేదు. అందుకే ఇంటెల్ దానికి తోడుగా మరో మూడు చిప్‌లు చేసింది. ప్రోగ్రామును దాచుకోవడానికి 4001, లెక్కల మధ్యలో అంకెలు గుర్తుపెట్టుకోవడానికి 4002, బయటి సామగ్రిని నడపడానికి 4003. ఈ పరివారమంతా కలిస్తేనే పని జరుగుతుంది. అవన్నీ చేతికి రాకముందే కిల్డాల్ స్కూల్లోని పెద్ద కంప్యూటర్‌లో 4004 ఎలా నడుస్తుందో అచ్చంగా అనుకరించే ప్రోగ్రాము రాశారు. అంటే చిప్ లేకుండానే చిప్ మీద నడిచే ప్రోగ్రాములు రాసి పరీక్షించుకోవచ్చు. ఇది చూసి ఇంటెల్ వాళ్లు ఆయన్ను సలహాదారుగా పెట్టుకున్నారు. పాఠాలు లేని రోజుల్లో అక్కడికి వెళ్లి పనిచేసేవారు.

ఆ రోజుల్లో మైక్రోప్రాసెసర్‌కు ప్రోగ్రాము రాయడమంటే దాని ఆదేశాలను ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోవడమే. 1973లో కిల్డాల్ ఇంటెల్ కోసం పీఎల్/ఎం అనే భాషను తయారుచేశారు. మనిషి చదివితే అర్థమయ్యే పద్ధతిలో రాస్తే, అది చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మారుతుంది. మైక్రోప్రాసెసర్ల కోసం పుట్టిన మొదటి ఉన్నత స్థాయి భాష ఇదే.

1974లో ఇంటెల్ 8080 వచ్చింది. ఇది కాస్త గట్టి బుర్ర. 64 కిలోబైట్ల జ్ఞాపకం వరకు చూసుకోగలదు. కానీ దీని అవసరాలూ పెద్దవే. మూడు రకాల ఓల్టేజీలు కావాలి. గడియారంలా తాళం వేసే 8224, సంకేతాలను సర్దిపెట్టే 8228 పక్కనుండాలి. మన ఇళ్లలో 1980లు, 90లలో ఎలక్ట్రానిక్స్ చదివినవారికి కాలేజీ ప్రయోగశాలలోని 8085 కిట్ గుర్తుండే ఉంటుంది. ఆ 8085 ఈ 8080కి తమ్ముడు. 1976లో వచ్చింది, ఒక్క 5 ఓల్టులతోనే నడుస్తుంది, అన్నకు తెలిసిన ఆదేశాలన్నీ తమ్ముడికీ తెలుసు. హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో పరీక్షకు ముందు రోజు మూవ్, జంప్ ఆదేశాలు వల్లెవేసినవారు కిల్డాల్ చిప్ భాషనే చదివారన్నమాట.

కాగితపు టేపు నుంచి ఫ్లాపీకి

బుర్ర దొరికింది కానీ రాసిన ప్రోగ్రామును దాచుకోవడం ఎక్కడ? అప్పట్లో దాన్ని కాగితపు టేపు మీద చిల్లులుగా పొడిచి దాచేవారు. సాధారణంగా వాడే టెలిటైప్ యంత్రం సెకనుకు పది అక్షరాలు చదివేది. 16 కిలోబైట్ల ప్రోగ్రామును ఎక్కించాలంటే దాదాపు 27 నిమిషాలు. మధ్యలో టేపు చిరిగితే మళ్లీ మొదటికి. ఆ సమయంలో ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కులు వచ్చాయి. ఒక్కోదాంట్లో సుమారు 250 కిలోబైట్లు పడతాయి, కావలసిన చోటికి క్షణంలో వెళ్లవచ్చు.

ఫ్లాపీ డ్రైవ్ ధర 500 డాలర్ల దాకా ఉండేది. షుగార్ట్ కంపెనీ పరీక్షల్లో వాడి పక్కన పెట్టిన డ్రైవ్ ఒకటి కిల్డాల్‌కు దొరికింది. తీరా చూస్తే దాన్ని 8080కి కలిపే కంట్రోలర్ ఎక్కడా లేదు. ఆయన తానే చేయబోయారు, కుదరలేదు. డ్రైవ్ చాలాకాలం ఊరికే పడి ఉంది. చివరికి విశ్వవిద్యాలయం నాటి మిత్రుడు జాన్ టొరోడీ పూనుకుని కంట్రోలర్ బోర్డు కట్టారు. 1974లో, మాంటెరే పక్కనే ఉన్న పసిఫిక్ గ్రోవ్‌లోని ఇంట్లో, ఫ్లాపీ నుంచి ప్రోగ్రాము ఎక్కి యంత్రం ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

ఆ ప్రోగ్రామే సీపీ/ఎం. పేరు చూసి పార్టీ అనుకోకండి. మైక్రోకంప్యూటర్లను అదుపులో పెట్టే ప్రోగ్రామని దాని అర్థం. డిస్కు మీద ఏ గీతలో, ఏ గడిలో ఏముందో మనిషి గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఫైలుకు ఒక పేరు పెడితే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. ఎనిమిది అక్షరాల పేరు, చుక్క, మరో మూడు అక్షరాలు. డాస్ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవారికి ఇది కొట్టిన పిండి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ డిస్కు ప్రోగ్రాముల్లో కొన్ని భాగాలు మొదట వ్యాపారంలో పనిచేసింది ఒక జాతకాల యంత్రంలో. బెన్ కూపర్ అనే హార్డ్‌వేర్ నిపుణుడితో కలిసి కిల్డాల్ దాన్ని చేశారు. పుట్టిన తేదీ ఇస్తే గ్రహాల స్థితి లెక్కకట్టి జాతకం అచ్చు వేసి ఇస్తుంది. ఓడల కోసం నేర్చిన నక్షత్రాల లెక్కలు అలా మరో దారి పట్టాయి. వ్యాపారం మాత్రం సాగలేదు.

సీపీ/ఎంను కిల్డాల్ ముందు ఇంటెల్‌కే చూపించారు. వాళ్లు పీఎల్/ఎం తీసుకున్నారు కానీ ఇది అక్కర్లేదన్నారు. దాంతో భార్యాభర్తలిద్దరే సొంత కంపెనీ పెట్టుకున్నారు. దానికి పెట్టిన పేరు ‘ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్’. నక్షత్ర మండలాలన్నిటికీ చెందినదన్నమాట! తర్వాత ముందు మాట తీసేసి డిజిటల్ రీసెర్చ్ అన్నారు. కార్యక్రమాల నిర్వహణ, లెక్కాపత్రాలు డొరొతీ చూసుకునేవారు. 1976లో కిల్డాల్ ఉద్యోగం వదిలేశారు. సీపీ/ఎం ప్రతి సుమారు 70 డాలర్లకు టపాలో పంపేవారు.

యంత్రానికో దుబాసీ

ఇక్కడే మేము ముఖ్యంగా చెప్పదలిచిన సంగతి ఉంది. 1975 జనవరిలో ఆల్టేర్ 8800 అనే కిట్ అమెరికాలో సంచలనం రేపింది. దాని వెనకే ఇమ్సాయి వంటి కంపెనీలు పుట్టుకొచ్చాయి. అందరి దగ్గరా 8080యే. కానీ దాని చుట్టూ ఉన్న సామగ్రి మాత్రం ఎవరిది వారిదే. ఒకరి ఫ్లాపీ కంట్రోలర్ మరొకరికి పనికిరాదు. ఒకరి తెర మరొకరి దారిలో మాట్లాడదు. కొత్త కంపెనీ వచ్చిన ప్రతిసారీ కిల్డాల్ సీపీ/ఎం అంతా విప్పి దాని తీరుకు తగ్గట్టు తిరగరాయాల్సి వచ్చేది. ఇమ్సాయి కోసం మళ్లీ అదే పని చేయాల్సి వచ్చేసరికి ఆయనకు విసుగొచ్చింది. విసుగులోంచే ఉపాయం పుట్టింది.

ప్రోగ్రామును రెండు ముక్కలు చేశారు. ఫైళ్లు, పేర్లు, ఆజ్ఞలు చూసే పెద్ద భాగం అన్ని యంత్రాలకూ ఒకటే, దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఫలానా డ్రైవ్‌ను తిప్పు, ఫలానా తెర మీద అక్షరం వెయ్యి అంటూ సామగ్రితో నేరుగా మాట్లాడే పనులను మాత్రం ఒక చిన్న భాగంలోకి చేర్చారు. దానికి బయోస్ అని పేరు పెట్టారు. కొత్త యంత్రం తయారుచేసినవారు ఆ చిన్న భాగం ఒక్కటి రాసుకుంటే చాలు, సీపీ/ఎం మీద నడిచే ప్రోగ్రాములన్నీ వాళ్ల యంత్రం మీద నడుస్తాయి.

చెన్నపట్నంలో కుంఫిణీ దొరలకూ మనవాళ్లకూ నడుమ దుబాసీలు ఉండేవారని మన పెద్దలు చెబుతారు. దొరకు తెలుగు రానక్కర్లేదు, నేత పనివాడికి ఇంగ్లీషు రానక్కర్లేదు, నడుమ ఒక్కడికి రెండూ వస్తే వ్యాపారం సాగుతుంది. బయోస్ చేసేది అదే పని. వాకిలి దాటితే ఒక భాష, ఇంట్లో ఒక భాషగా తరాలు గడిపిన మనకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఏర్పాటుతో సాఫ్ట్‌వేర్ అనేది విడిగా కొనుక్కునే సరుకుగా మారింది. అంతకుముందు ఒక యంత్రానికి రాసిన ప్రోగ్రాము దానితోనే ఉండిపోయేది. ఇప్పుడు ఎక్కడ రాసినా, ఎవరి యంత్రం మీదనైనా నడుస్తుంది. ఉత్తరాలు రాసుకునే వర్డ్‌స్టార్, జాబితాలు దాచుకునే డీబేస్ 2 వంటివి సీపీ/ఎం నీడలోనే పెరిగాయి. మొదట్లో నాట్ కంప్యూటర్స్ అనే చిన్న కంపెనీకి 90 డాలర్లకే లైసెన్సు ఇచ్చిన కిల్డాల్‌కు ఇమ్సాయి నుంచి 25,000 డాలర్లు వచ్చాయి. 1976లో వచ్చిన జైలాగ్ జెడ్80 చిప్ 8080 ఆదేశాలన్నిటినీ అర్థం చేసుకోగలదు కాబట్టి దాని మీదా సీపీ/ఎం నడిచింది. వేరే జాతి చిప్ ఉన్న ఆపిల్ 2 కోసం 1980లో మైక్రోసాఫ్ట్ ఒక కార్డు అమ్మింది. దాని మీద ఉన్నది జెడ్80, దానితో ఇచ్చినది సీపీ/ఎం. అంటే అప్పటికి బిల్ గేట్స్ కంపెనీ కూడా కిల్డాల్ సరుకును లైసెన్సు తీసుకుని అమ్ముతోంది.

విమానం కథ

1980లో ఐబీఎం రహస్యంగా చిన్న కంప్యూటర్ తయారుచేయ తలపెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ముందు మైక్రోసాఫ్ట్‌ను అడిగితే, అది మా దగ్గర లేదు, కిల్డాల్ దగ్గరికి వెళ్లండని గేట్స్ పంపారు. ఐబీఎం బృందం పసిఫిక్ గ్రోవ్ వచ్చేసరికి కిల్డాల్ తన సొంత విమానంలో ఒక ఖాతాదారు దగ్గరికి వెళ్లి ఉన్నారు. అది వ్యాపార పనే, షికారు కాదు. ఇలాంటి బేరాలు ఎప్పుడూ చూసేది డొరొతీయే. సంతకం చేయమని ఐబీఎం వాళ్లు ముందు పెట్టిన గోప్యత ఒప్పందం పూర్తిగా వాళ్లవైపే మొగ్గి ఉండటంతో ఆమె, న్యాయవాది వెనకాడారు. మధ్యాహ్నం తిరిగొచ్చి తాను వాళ్లతో మాట్లాడానని కిల్డాల్ చెప్పారు. ఆయన్ను కలిసిన గుర్తు లేదని ఐబీఎం వైపు వ్యక్తి అన్నారు. మొత్తానికి బేరం కుదరలేదు. ఒక్కసారికి గంపగుత్తగా డబ్బిచ్చేస్తామని ఐబీఎం, అమ్మిన ప్రతి ప్రతికీ ఇంత ఇమ్మని కిల్డాల్ పట్టుబట్టారన్నది ఆయన వైపు మాట.

ఈలోగా సియాటెల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ అనే యువ ఇంజనీరు, ఇంటెల్ కొత్త చిప్ 8086కు సీపీ/ఎం రావడం ఆలస్యమవుతోందని తానే ఒకటి రాసుకున్నారు. సీపీ/ఎం ప్రోగ్రాములు సులువుగా మార్చుకోవడానికి వీలుగా దాని పిలుపుల వరసనే పాటించారు. కోడ్ కాపీ కొట్టలేదని ప్యాటర్సన్ ఎప్పుడూ చెప్పారు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొని ఐబీఎంకు ఇచ్చింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది.

దాన్ని చూసిన కిల్డాల్ తన పని పోలికలు గుర్తుపట్టి ఐబీఎంను నిలదీశారు. దావా వేయకుండా ఉంటే సీపీ/ఎంను కూడా అమ్ముతామని ఐబీఎం ఒప్పుకుంది. అది న్యాయమే అనుకుని ఆయన సరేనన్నారు. తీరా దుకాణంలో చూస్తే మైక్రోసాఫ్ట్‌ది 40 డాలర్లు, కిల్డాల్‌ది 240 డాలర్లు. కొనేవాడు ఏది తీసుకుంటాడో చెప్పాలా? ఆయన ఓడిపోయింది విమానం ఎక్కిన రోజున కాదు, ఆ ధరల పట్టీ వేలాడిన రోజున.

మిగిలినది

ఆ తర్వాత ఆయన మూలన కూర్చోలేదు. 1983 నుంచి 1990 దాకా కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో పాల్గొని కొత్త యంత్రాల గురించి జనానికి ఓపికగా వివరించారు. పోటీదారుల సరుకును కూడా నిష్పక్షపాతంగా చూపేవారు. అందులో పాత మాస్టారే కనిపిస్తారు. ఆయన పెట్టిన మరో సంస్థ చేసిన పనితో 1985లో గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వం సీడీలో వచ్చింది. సీడీకెక్కిన మొదటి విజ్ఞాన సర్వస్వం అది. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కంపెనీకి అమ్మేశారు.

డబ్బుకు లోటు లేదు. లోటు మరొకటి. 1992లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగం పాతికేళ్ల పండుగకు పూర్వ విద్యార్థిగా ఆయన్ను పిలిచింది. ముఖ్య ఉపన్యాసం మాత్రం అక్కడ చదవని బిల్ గేట్స్‌ది. అక్కడే డాక్టరేట్ తీసుకున్న మనిషికి అది గుచ్చుకుంది. తన వైపు కథ చెప్పుకోవడానికి ఆత్మకథ రాసి, కొద్ది ప్రతులు దగ్గరివారికి పంచారు. డొరొతీతో కాపురం అప్పటికే విడిపోయింది. చివరి ఏళ్లను తాగుడు పాడుచేసింది. 1994 జులై 8న మాంటెరేలోని ఒక బార్‌లో తలకు దెబ్బ తగిలి, మూడు రోజులకు, జులై 11న మరణించారు. సియాటెల్‌లో ఖననం చేశారు.

2014 ఏప్రిల్‌లో పసిఫిక్ గ్రోవ్‌లోని ఆయన పాత కార్యాలయం వాకిట ఐఈఈఈ సంస్థ ఒక ఫలకం పెట్టింది. అదే ఏడాది కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సీపీ/ఎం తొలినాళ్ల సోర్స్ కోడ్‌ను అందరూ చదువుకునేలా బయటపెట్టింది. ఊరు కాని ఊళ్లో చెరువు తవ్వినవాడి పేరు మాసిపోయినా నీళ్లు తాగేవాళ్లు తాగుతూనే ఉంటారు. మన ఇళ్లలో కంప్యూటర్ చదువుకునే పిల్లలు ఇప్పుడు ఆ కోడ్ తెరిచి, పుటకో పంక్తిగా చదివినా చాలు, ఆ చెరువు తవ్విన చేతి పనితనం వాళ్లకే కనిపిస్తుంది.